గోడమీది మొసలి

గత వేసవిలో హ్యూస్టన్ నగరమునందు మా అబ్బాయి యింట మూడు మాసములు గడపి వచ్చితిని. ఆ యింటికి రెండు వీధుల యవతల, బట్టలుతుకు యంత్రముల దుకాణమునకును ఒక దంతవైద్యుని గదులకును నడుమ, చిరకాలముగా మూతబడియున్న పిజ్జా దుకాణము నొకదానిని అద్దెకు గైకొని, మావానితో కలిసి పనిచేయు యువకు డొకడును, అతని బాల్యమిత్రు లిరువురును, కేజన్ వంటకములు వడ్డించు భోజనశాలను, దాని నంటియే యొక బారును తెరువ సంకల్పించి, నేను వెళ్లునప్పటికే గోడలకు రంగులు వేయించుచుండిరి. చేతనున్న పైకము చాలక నాల్గవ భాగస్వామి కొరకు వెదకుచు వారు మావాని నడిగిరి, మావాడు నన్నడిగెను. "నాన్నగారూ, మీరేమంటారు? పెట్టమంటారా, వద్దంటారా?" అని ఒకనాటి రాత్రి పెరుగన్నము కలుపుకొనుచు వాడడిగినపుడు నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

వారి ప్రణాళిక యని వాడు నా చేతికిచ్చిన కాగితములలో అద్దె యెంత, పొయ్యిలెన్ని, కుర్చీలెన్ని యను లెక్కలు పోగా, 'థీమ్' అను శీర్షిక క్రింద రెండు నిండు పుటలు కలవు. నోరు తెరచి గోడనుండి మన మీదికి దూకుచున్నట్లుండి, కన్నులలో ఎర్రని దీపములు వెలుగు ప్లాస్టిక్ మొసలి తల యొకటి, ఊదా, ఆకుపచ్చ, బంగారు వన్నెల పూసల దండలు, చేపల వలలు, బూడిదరంగు నాచు జటలవలె వ్రేలాడు చెట్లు నీటిలో నిలిచియున్న చిత్తడినేలల చిత్రపటములు, పాతపడవ ముక్క యొకటి. వంటలను గూర్చి అందున్నవి నాలుగే పంక్తులు. మన పట్టణములలో పల్లెటూరి పేరిట భోజనశాలలు తెరచి, ద్వారమునొద్ద ఎడ్లబండి చక్రమును, లోపల లాంతరును రోకలిని అలంకరించి, ఆ రోకటితో ఏనాడును ఒక్క గింజయైనను దంచక, మిక్సీలో తిప్పిన పచ్చడిని వడ్డించువారిని నేనెరుగుదును గనుక, ఆ మొసలిని గూర్చి చదివినపుడు నాకు నవ్వును వచ్చినది, దిగులును కలిగినది.

కేజన్ అను మాట మన యువజనులకు కొత్తది కాదు. హైదరాబాదు నగరమున బొగ్గులపై మాంసము కాల్చి వడ్డించు విందుశాలలకు పోయినవారికి, వేయించిన చిన్న బంగాళాదుంపలపై నారింజవన్నె మెయోనీసును ధారగా పోసి 'కేజన్ పొటేటో' యని తెచ్చిపెట్టుట అనుభవమే. అది తియ్యగా, కమ్మగా, కొంచెము కారముగా ఉండును. పిల్లలు మరల మరల అడిగి తిందురు. నేనును తిన్నాను, నిందింపను. అయినను దానికిని కేజను జనులకును పేరొక్కటియే చుట్టరికము.

ఆ జనుల కథ 1605వ సంవత్సరమున, నేటి కెనడాలోని నోవా స్కోషియా తీరమున ఫ్రెంచివారు నెలకొల్పిన పోర్ రాయల్ అను చిన్న పల్లెతో మొదలగుచున్నది. ఆ సీమకు అకాడీ యని పేరు. సముద్రపు పోటు వచ్చినపుడెల్ల మునిగిపోవు ఉప్పునేలలకు వారు మట్టికట్టలు వేసి, ఆటునాడు లోని మంచినీరు వెలికి పోవుటకును, పోటునాడు వెలి ఉప్పునీరు లోనికి రాకుండుటకును, నీటి త్రోపుడుకే తెరచుకొని మూసికొను కొయ్య తలుపులను ఆ కట్టల అడుగున అమర్చి, చవిటినేలను పంటపొలముగా మార్చుకొనిరి. దివిసీమలోనో కోనసీమలోనో పుట్టిన రైతు ఆ కట్టలను చూచినయెడల, వారి భాష తెలియకపోయినను, వారి పని మాత్రము చిటికెలో తెలిసికొనును. 1713 నాటి సంధివలన ఆ నేల ఇంగ్లీషువారి పాలయ్యెను. నిర్నిబంధముగా మా రాజునకు విధేయులమని ప్రమాణము చేయుడని ఏలికలును, యుద్ధము వచ్చినపుడు ఏ పక్షమునను ఆయుధము పట్టము, మా మతము జోలికి రావలదని వీరును నలువది యేండ్లకు పైగా పెనగులాడిన పిమ్మట, 1755 సెప్టెంబరు 5వ తేదీన, గ్రాన్ ప్రే అను గ్రామమున పురుషులను, పదియేండ్లు నిండిన బాలురను సహితము చర్చిలోనికి రప్పించి, వారి భూములును పశువులును రాజునకు దఖలు పడినవనియు, వారందరు ఓడలెక్కి పోవలసినదనియు ఉత్తరువు చదివి వినిపించిరి. వెనుక ఇండ్లు తగులబడుచుండగా ఆ ఓడలు కదలినవి. తరువాతి కొలదియేండ్లలో పదివేలకు పైబడి జనులు వెడలగొట్టబడిరి; వారిలో పెక్కురు మసాచుసెట్సు మొదలు జార్జియా వరకుగల వలసరాజ్యములలో చెదరగొట్టబడిరి. వర్జీనియావారు వీరిని తమయొద్ద నుండనీయక ఇంగ్లండునకు తరిమివేసిరి. దంపతులు వేర్వేరు ఓడలలో పడి మరల కలిసికొనని కుటుంబము లెన్నియో. అట్లు దిక్కులేక తిరిగినవారిలో కొందరు 1765 ప్రాంతమున లూసియానా చేరిరి. 1785లో ఫ్రాన్సునుండియే ఏడు ఓడలలో సుమారు 1,600 మంది వచ్చి వారిని కలిసిరి. అకాడియన్ అను పేరు నోట నోట అరిగి కాడియన్ అయి, తుదకు కేజన్ అయి నిలిచినది.

అంతటితో వారి కష్టము తీరలేదు. 1921 నాటి లూసియానా రాజ్యాంగము బడులలో ఇంగ్లీషు తప్ప వేరు భాషలో బోధింపరాదని శాసించినందున, ఇంట ఫ్రెంచి తప్ప మరి యొకటి యెరుగని పసివారు బడిలో దాహమని అడుగుటకును నోరురాక, అడిగిన దెబ్బలు తిని, ఆ భాష మాటాడనని పలకమీద నూరుసార్లు వ్రాసిరి. తెలుగు మాటాడిన నేరమునకు పిల్లల మెడలో అట్టముక్కలు కట్టిన ఉదంతములను మన పత్రికలలో చదివినవారికి ఇది పరదేశపు వింతగా తోపదు. ఆ రాష్ట్రము తన తప్పు గ్రహించి ఫ్రెంచిని నిలుపుటకు ప్రత్యేక సంస్థ నొకదానిని 1968లో స్థాపించునప్పటికి, రెండు తరముల నాలుకలు మారిపోయినవి. భాష పోయినచోట వంట మిగిలినది. తాత మాటాడిన మాటలు మనుమనికి రావు గాని, తాత కలిపిన గరిటె మనుమని చేతికి వచ్చినది. అట్టి వంటను అమ్మజూపువారు దానిమీద మొసలి బొమ్మను అతికించుట నాకు రుచింపలేదని వేరుగ చెప్పనేల?

ఆ వంటలో మనకు మిక్కిలి దగ్గరి చుట్టము గంబో. ఆఫ్రికా ఖండపు బంటూ భాషలలో బెండకాయకు గల పేరే ఈ కూరకు పేరైనది. బానిసలుగా అమ్ముడుపోయి వచ్చినవారు తమతో తెచ్చుకొనగలిగిన స్వల్పములలో బెండ యొకటి. మన గృహిణి బెండకాయ జిగురు పోవుటకై కాయలను తుడిచి, ఆరబెట్టి, చింతపండు పులుసులో వేసియో మూకుడులో వేయించియో నానా యత్నములు చేయును. గంబోలోనో ఆ జిగురే గుణము, దానివలననే పులుసు చిక్కబడును. బెండ దొరకని ఋతువున అచ్చటి ఆదివాసులగు చోక్టా తెగవారు నేర్పిన ససాఫ్రాస్ ఆకుల పొడి చల్లుదురు. ఉల్లిగడ్డ, సెలెరీ కాడ, బుంగమిరప — ఈ మూడింటిని త్రిమూర్తులవలె భావించి, అట్టి పేరుతోనే పిలుచుచు, ప్రతి కూరకును ఆదిలో తరిగి వేయుదురు. వీనికన్న ముందు రూ కావలెను. రూ అనగా నూనెలో గోధుమపిండిని వేసి, సన్నని సెగపై, చేయి నిలుపక కలుపుచు, మొదట వేరుసెనగ రంగునకును, పిదప ఇటుక రంగునకును, తుదకు పాతచింతపండు రంగునకును తెచ్చుట. అరగంటయో ముప్పావుగంటయో పట్టును. ఆ వేళ ఫోను మ్రోగినను, తలుపు తట్టినను, గరిటె విడువరాదు. నల్లని చుక్క యొకటి కనబడెనా, మాడినట్లే, మొత్తము పారబోయవలసినదే. దాని నెట్లును దిద్దలేము. పాలకోవా కలిపిన చేతులకు ఈ శిక్ష యెట్టిదో తెలియును.

దీనిని ఒంటరిగా వండుకొని తినువారు లేరనుట అతిశయోక్తి కాబోలు గాని, ఆ వంటలు పుట్టినదే పదిమంది కూడినచోట. శీతల యంత్రములు లేని కాలమున ఒక కుటుంబము పందిని కోసినయెడల మాంసము చెడిపోవును గనుక, ఇరుగుపొరుగు కుటుంబములు వంతులు వేసికొని, ఒక వారము ఒకరింట, మరుసటి వారము వేరొకరింట కోసి, అందరును పంచుకొనెడివారు. మన పల్లెలలో పండుగనాడు పదియిండ్లవారు కలిసి మేకను కోసి పోగులు వేసికొనునట్లు. మిగిలిన తునకలలో అన్నము కలిపి ప్రేగులలో కూరిన బూడాన్ నేటికిని అచ్చటి పెట్రోలు బంకులలో వేడివేడిగా అమ్ముదురు. వసంతమున రొయ్యకును ఎండ్రకాయకును నడుమ పుట్టినట్లుండు క్రాఫిష్ అను జలచరమును బస్తాలకొలది తెచ్చి, మొక్కజొన్న కంకులతో, బంగాళాదుంపలతో, కారపు మసాలాతో పెద్ద కాగులలో ఉడికించి, బల్లపై పరచిన పత్రికలమీద కుప్పగా బోర్లించి, చుట్టును నిలువబడి ఒలుచుకొని తిందురు. ఆ క్రాఫిష్ పెరుగునది వరిపొలములలోనే. వేసవిలో వరి పండించి, కోత యైన పిమ్మట ఆ మళ్లకే నీరు పెట్టి, వరి దుబ్బులను ఆశ్రయించి పెరుగు నీ జీవములను శీతకాలమునుండి వసంతమువరకు బుట్టలతో పట్టుదురు. వేసవి వచ్చిన మరల వరియే. మాగాణిని త్రవ్వి ఉప్పునీటి రొయ్యల చెరువుగా మార్చి, ప్రక్క మడివాని వరిని కూడ చౌడుపాలు చేసికొన్న మన డెల్టా రైతు ఒకసారి పోయి చూచి రావలసిన సేద్యమిది. గ్రామసీమలలో మార్డీ గ్రా పండుగనాడు ముసుగులు వేసికొన్న యువకులు గుఱ్ఱములపై ఇంటింటికి పోయి, ఆడి పాడి, గంబోలోనికి బియ్యమో, మాంసమో, ఒక కోడియో యాచింతురు; ఇంటి యజమాని కోడిని గాలిలోనికి వదలును; వీరు పొలములవెంట బురదలో పడుచు లేచుచు దానిని తరిమి పట్టుదురు; సాయంత్రము ఊరందరికిని ఒకటే కాగు. మావాని మిత్రుల కాగితమునందలి పూసల దండలు న్యూ ఆర్లియన్సు నగరపు ఊరేగింపులవి. ఈ కోడి కథకును వానికిని పొత్తు లేదు. ఆ ముగ్గురిలో వంట చేయువాడు లూసియానాలోని లాఫాయెట్ దగ్గర పుట్టినవాడు. అట్టి వంటవాడు తనకు తెలిసిన కోడిని విడిచి, యాత్రికులకు తెలిసిన పూసలను ఏరికొనుట యెందులకు? "అంకుల్, కొనేవాడికి పూసలే తెలుసు" అని అతడే నాకు బదులు చెప్పెను. ఆ బదులులో నిజము లేకపోలేదు. అందువలననే దానిని గూర్చి ఇంత వ్రాయవలసి వచ్చినది.

కొనువానికి తెలిసినదానినే అమ్మినయెడల ఏమగునో చెప్పుటకు పాల్ ప్రుదోమ్ అను మహాపాకశాస్త్రజ్ఞుని చరిత్రమే చాలును. ఆయన ఓపెలూసాస్ ప్రాంతపు పేద కౌలురైతు ఇంట 13 మంది సంతానములో కడపటివాడుగా 1940లో పుట్టి, విద్యుద్దీపము లేని యింట తల్లి కొంగు పట్టుకొని వంట నేర్చి, 1979లో భార్యతో కలిసి న్యూ ఆర్లియన్సులో ఒక చిన్న భోజనశాల తెరచెను. ఆ కాలమున అచ్చట ముందుగా బల్లలు ప్రత్యేకించుట లేదు. కోటీశ్వరుడైనను వరుసలో నిలువవలసినదే. లోపలికి పోయినపిదప ముక్కుమొగము తెలియనివారి సరసన కూర్చుండవలసినదే. అందు ఆయన తాను కల్పించిన వంట యొకటి వడ్డించెను: రెడ్‌ఫిష్ అను చేపను కరగిన వెన్నలో ముంచి, మసాలాపొడులు దట్టముగా అద్ది, నిప్పుకణికవలె కాగిన ఇనుప పెనముపై వేసి నల్లబార్చుట. అది ఆయన తల్లి వంట కాదు, ఆయన వంట. దేశమెల్ల దానికై వెఱ్ఱెత్తిపోయెను. ప్రతి నగరమున, ప్రతి భోజనశాలయందును, చేపనేమి, కోడినేమి, కనబడినదానినెల్ల మాడ్చి 'కేజన్' అని పేరు పెట్టిరి. గరిటె పట్టుట రానివానికి మాడ్చుట సుళువు గదా! కడకు గల్ఫ్ సముద్రమున ఆ చేప కొఱతపడి, ప్రభుత్వము వేటను కట్టుదిట్టము చేయవలసి వచ్చెను. ఒక జాతి వంటను ఒకే వంటకముగా కుదించిన ఫ్యాషను, తుదకు ఆ వంటకములోని చేపను సైతము తినివేసెను.

మనకు మాత్రము ఇట్టి అన్యాయము జరుగలేదా? బెంగళూరులోను చెన్నపట్టణములోను 'ఆంధ్రా స్టైల్' అని వ్రాసిన పలక క్రింద కూర్చుండి తినువానికి ఆంధ్రమనగా కారము. చెమట పట్టవలెను, కన్నులు చెమర్చవలెను, లేనియెడల డబ్బు దండుగ యని అతని నమ్మకము. గోదావరి జిల్లాల పనసపొట్టు కూరలోని ఆవ ఘాటు, తెలంగాణ సర్వపిండి అడుగున కరకరలాడు పొర, శ్రీకాకుళపు ఇండ్లలో కూరకు తగులు బెల్లపు తీపి, రాయలసీమ రాగిసంకటి చల్లదనము — ఇవి యేవియు ఆ పలకమీదికి ఎక్కలేదు. నిజముగా కేజనుల వంటయు పొగలు గ్రక్కు కారపుది కాదు. మసాలా నిండుగ నుండును, మిరప హద్దులో నుండును. ఏవరీ ఐలెండునందు 1868లో పుట్టిన టబాస్కో మిరప రసమును బల్లమీద ఉంచుదురు. కావలసినవాడు కావలసినంత చిలుకరించుకొనును. ఊరగాయ జాడీ విస్తరి ప్రక్కన ఉంచుట వంటిదే ఇది. ఎవడును అన్నమును ఊరగాయతో ఉడికింపడు. అందుచే మావాని మిత్రుల వంటకముల జాబితాలో 'మంటల రెక్కలు' 'అగ్నిపర్వతపు రొయ్యలు' అను పేళ్లను నేను నా కలముతో కొట్టివేసితిని. పైకము పెట్టకమునుపే పెత్తనము చేసితినని మా కోడలు నవ్వినది.

ఇక బారు మాట. నా తరమువాడైన తెలుగువానికి ఈ పదము చెవిని బడగానే మనసు ముడుచుకొనును. అది తప్పు కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మున్నగు స్త్రీలు సారాకొట్టును మూయించినపుడు లేచిన గాలి రాష్ట్రమంతట వీచి, 1995లో సంపూర్ణ మద్యనిషేధము తెచ్చినది; 1997లో అది సడలిన పిదప బెల్టుషాపులు వెలసినవి. మన యొద్ద త్రాగుట యనగా కిటికీలు లేని చీకటి గదిలో పురుషులు మాత్రము ఇంటివారికి తెలియకుండ చేయు పని. ఆ చీకటియే సగము విషము. కేజన్ గ్రామములలోనో, శనివారపు రాత్రి నాట్యశాలకు ముత్తవ్వ మొదలు చంటిబిడ్డ వరకు ఇంటిల్లిపాదియు తరలిపోయెడిది. ప్రక్కగదిలో పడకలు పరచి పిల్లలను జోకొట్టి, తల్లులు నాట్యమునకు వచ్చెడివారు. జోజో యని మనము పాడునట్టి మాటయే వారిది 'దోదో'. ఆ విందునకు 'ఫే దోదో' యనియే పేరు వచ్చినది. ఫిడేలు, అకార్డియన్, ఇనుప త్రికోణము మ్రోగుచుండును. అమ్మమ్మ చూచుచుండగా త్రాగువాడు ఎంతని త్రాగును? కుటుంబము కూర్చుండు బల్లకును, చీకటి మూలకును గల భేదము చట్టమువలన గాక, చూచు కన్నులవలన ఏర్పడునని నాకు తోచును.

అయినను ఆ నాట్యశాలలను స్వర్గములుగా వర్ణించుట నావలన కాదు. నల్లవారికి అవి మూసిన తలుపులు. అమెడె ఆర్డ్వాన్ అను నల్లజాతి అకార్డియన్ విద్వాంసుడు 1929లోనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడు డెన్నిస్ మెగీతో కలిసి రికార్డులకు పాడినవాడు. నేటి కేజన్ సంగీతమునకు అతడొక మూలపురుషుడు. తెల్లవారి విందులలో అతడు వాయింపవచ్చును గాని ఆడరాదు. ఒక విందులో తెల్లయువతి యొకతె ఇచ్చిన చేతిరుమాలుతో చెమట తుడుచుకొన్నందుకు కొందరు అతనిని చావమోదిరని ఆ సీమలో చెప్పుకొందురు. 1942లో అతడు పిచ్చాసుపత్రిలో మరణించెను. గంబోలోని బెండ ఎవ్వరిదో, గీట్ల రేకును గీకి వాయించు జైడెకో సంగీతము ఎవ్వరిదో మరచి, 'కేజన్' అను నొక్క పేరునే గోడకెక్కించువారు ఈ రుమాలును కూడ జ్ఞాపకముంచుకొనవలెను. మొసలి తల స్థానమున ఆర్డ్వాన్ చిత్రము నొకదానిని పెట్టుడని నేను చెప్పితిని. ముగ్గురిలో ఇద్దరికి ఆ పేరు తెలియదు. వంటవానికి తెలియును, అతని తాత ఆ పాటలను ఈలవేసెడివాడట.

స్నేహితులు కలిసి వ్యాపారము చేయుటను గూర్చి మన పెద్దలకు సదభిప్రాయము లేదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదని ఒక్క ముక్కలో తేల్చివేసిరి. ఆ గొర్రె చచ్చినది ప్రేమ లేక కాదు, మేపువంతు ఎవ్వరిదో వ్రాసికొనక. అమెరికాలో భోజనశాలలు నూటికి తొంబది మొదటి యేటనే మునుగునని యొక నానుడి కలదు గాని, ఒహాయో రాష్ట్రపు కొలంబసు నగరమున ఆచార్య పార్స ప్రభృతులు లెక్కలు కట్టి 2005లో ప్రకటించిన దానిప్రకారము మొదటి యేట మూతబడునవి నూటికి సుమారు 26, మూడేండ్లలో సుమారు 60. తొంబదికన్న నయమే యనుకొనువాడు అరువదిని మరల చదువుకొనవలెను. పళ్లెములోని సరుకు ఖరీదు పళ్లెపు వెలలో మూడవవంతు మించరాదని ఆ వృత్తివారి సూత్రము; వంటగది రాబడి జీతములకు, అద్దెకు సరిపోవగా, మిగులు కొంచెము బారు నుండి రావలెను. ఈ ముగ్గురికిని అప్పుడే మొదటి తగవు వచ్చినది. రూ కలుపుటకు దినమునకు మూడు గంటల కూలి యేల, లూసియానా అంగళ్లలో సీసాలలో తయారుగా అమ్ముచున్నారు గదా యని లెక్కలు చూచువాడు. ఆ సీసా ఈ గుమ్మము దాటిన నేను దాటనని వంటవాడు. ఇద్దరును ఇసుకలో కలిసి ఆడుకొన్నవారు. నేను మావానితో చెప్పినదిది: విడిపోవు నాడు ఎవ్వరికెంత, పేరు ఎవ్వరిది, వంటవాడు వెళ్లిపోయిన నాడు పలక దింపవలెనా నిలుపవలెనా — ఇవి నవ్వుచున్న నాడే వ్రాయించుము, వ్రాసిన పిదప, తిరిగి రాదనుకొన్న సొమ్మునే పెట్టుము.

హ్యూస్టనులో ఈ కొట్టు పెట్టుట అతకని పని యేమియు కాదు. 1901లో బోమంటు వద్ద భూమినుండి నూనె ఎగజిమ్మిన నాటినుండియు చమురు శుద్ధి కర్మాగారములలో పనికై కేజనులు టెక్సాసు తీరమునకు వలసవచ్చుచునే యున్నారు. లూసియానా నల్ల క్రియోలు కుటుంబములు 1922లో ఆ నగరమున ఫ్రెంచిటౌను అను పేట కట్టుకొనిరి. వీరి వెనుక, 1975 తరువాత, యుద్ధశేషముగా వచ్చిన వియత్నాం ప్రజలు గల్ఫ్ తీరమున రొయ్యలు పట్టి, కేజనుల క్రాఫిష్ కాగును చూచి, అందులో కరగిన వెన్నయు దంచిన వెల్లుల్లియు దండిగా చేర్చి, కొత్త వంట నొకదానిని పుట్టించిరి. నేడు హ్యూస్టనులో దానికి గల ప్రతిష్ఠ పాతదానికన్న తక్కువ కాదు. ఇల్లు కాలి ఓడలెక్కిన యొకరి వంటను, ఇల్లు కాలి పడవలెక్కిన మరియొకరు అందుకొనిరి. దీనిని ఎవ్వరును థీమ్ అనలేదు. ఆకలిగొని, ప్రక్కవాని కాగులోనికి తొంగిచూచిరి. మావాని పేటలోనే ఒకప్రక్క వియత్నాం దుకాణములు, వేరొకప్రక్క మన సాంబారు మసాలాలు అమ్ము కొట్టు. కేజను, వియత్నాము, తెలుగు — ఈ మూడు కుర్చీలు కలిసి ఒక బల్లకు చేరునా యనునదే నేను చూడగోరినది. దారిని కారులో పోవు యాత్రికునికి మొసలి కావలెను. ఎదురింటివాడు మంగళవారము రాత్రి, వాన కురియుచుండగా, ఇంట వండుకొను ఓపిక లేక వచ్చును. అతడు వచ్చిననే కొట్టు నిలుచును.

నేను తిరుగు ప్రయాణము కట్టుటకు వారము ముందు, కొట్టు తెరువక పూర్వము, ఇరుగుపొరుగున నున్న ఇరువది మందిని రుచి చూడ రమ్మని వారు పిలిచిరి. ఏడు గంటలకు పోతిమి. వంటవాడు పొయ్యివద్ద రూ కలుపుచుండెను. నేను ప్రక్కన నిలిచి, బెండకాయలను ముందు వేయించి వేయుదురా, పచ్చివే వేయుదురా యని అడిగితిని. అతడు మర్యాదకై నా వైపు తిరిగి రెండు మాటలు చెప్పెను. అంతే, మూకుడు అంచున నల్లని చుక్కలు. ఒక్క క్షణము చూచి, ఎవ్వరితోను ఏమియు ననక, మొత్తము పారబోసి, మూకుడు కడిగి, మరల నూనె పోసి పిండి వేసెను. అరమీద సీసా యుండనే యున్నది. లెక్కలు చూచువాడు దానిని తెప్పించియే యుంచినాడు. అందరి చూపులు దానిమీద పడినవి. అతడు లేచి వచ్చి, చొక్కా చేతులు మడిచి, స్నేహితుని చేయి నొప్పిపుట్టినపుడు గరిటె అందుకొనెను. ఆ రాత్రి మేము తొమ్మిదిన్నరకు గాని భోజనమునకు కూర్చుండలేదు. ఎదురింటి ముసలి వియత్నాం దంపతులు తమ యింటినుండి వెల్లుల్లి వెన్న గిన్నె తెచ్చుకొనిరి. నేను గంబో అన్నములో కలుపుకొని, చేతితోనే తింటిని.

నడచియే ఇంటికి వచ్చుచుంటిమి. మావాడు పైకము మాట ఎత్తలేదు. గోడమీద ఆర్డ్వాన్ చిత్రమును చూచితిని గాని మొసలి కనబడలేదని, అది యేమైనదని నేనడిగితిని.

"కొన్నది తిరిగి తీసుకోరట, నాన్నగారూ. బాత్‌రూములో పెట్టారు."